దారి పొడుగున విద్యుత్తు

తార్నాక యను పేరునకును తీగలకును సంబంధము కలదని పెద్దలు చెప్పుదురు. 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కావలి చౌకీ. పూర్వము ఈ ప్రాంతమున ఒక మామిడితోటకు తీగకంచె వేసి, ద్వారమున కావలి నుంచిరనియు, ఆ కావలి పేరే క్రమముగా పేటకు పేరైనదనియు ఇచ్చటి వాడుక. శ్రోతలు ఈ కథను నమ్మినను నమ్మకపోయినను, నేటి మా ప్రసంగమునకు ఆ పేరు చక్కగా అమరినది. సాయంకాలము వేళ తార్నాక సందులలో నడచి చూచినచో, అద్దె యిండ్ల పై అంతస్తుల నుండి అక్కడక్కడ పొడుగాటి తీగలు జారి, గోడ ప్రక్క నిలిపిన విద్యుత్ స్కూటర్లను చేరుట కనిపించును. కొన్నిచోట్ల ఇంటి యజమాని యిచ్చిన అనుమతి, కొన్నిచోట్ల యజమాని చూడని సమయము ఆ తీగకు ఆధారము.

ఈ పేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు, పరిశోధనశాలల ఉద్యోగులు, రైల్వేవారు, చిన్న జీతముల అద్దె కాపురములవారు ఎక్కువ. సొంత ఆవరణ, సొంత మీటరు గలవానికి విద్యుద్వాహనము సుఖమైన వస్తువు. రాత్రి తగిలించి పండుకొన్నచో తెల్లవారునప్పటికి సిద్ధముగా నుండును. సొంత గోడ లేనివానికి అదే వాహనము దినదినము ఒక వెదుకులాట. దారిలో ఛార్జింగు కేంద్రము ఎవరి కోసము, దానికి ధనమెవరు పెట్టవలెను, పెట్టిన పిమ్మట అది పనిచేయుచున్నదో లేదో చూచువారెవరు అను ప్రశ్నలకు ఇచ్చటివారు ప్రతిదినము సమాధానము వెదకుకొనుచున్నారు.

ఈ నగరమున కొత్త సౌకర్యమేది వచ్చినను, తొలి పెట్టుబడి తరచుగా ఖజానా నుండియే వచ్చినది. 1920లో హుసేన్‌సాగరు గట్టున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము లేచినప్పుడు, నగరమున విద్యుద్దీపము వెలిగించుకొనగల యిండ్లు మిక్కిలి కొలది. 1932 జూన్ నెలలో నిజాం రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించిరి. అందులకైన పెట్టుబడి 3 లక్షల 93 వేల రూపాయలు. ఆ శాఖయే 1951 నవంబరు 1వ తేదీన హైదరాబాదు ప్రభుత్వ శాఖగాను, 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగాను మారినది. విశ్వవిద్యాలయము మాట సరేసరి. 1918లో ఏర్పడి, తాత్కాలిక భవనములలో పాఠములు ఆరంభించిన సంస్థకు, 1934లో పునాదివేసి 1939 డిసెంబరులో తెరచిన ఆర్ట్సు కళాశాల భవనము ఆనాటి విద్యార్థుల సంఖ్యను చూచి కట్టినది కాదు. రాబోవువారిని తలచి కట్టినది. దీపస్తంభము నాటుటకు ముందు దాని క్రింద నడచువారిని లెక్కించిన ప్రభుత్వము లేదు గదా!

అయితే వాహనమునకు దారిలో విద్యుత్తు నిచ్చుట యను సమస్య మనకు కొత్తగా తోచినను, అది మోటారుకారుతోపాటు పుట్టినదే. 1897లో లండను వీధులలో వాల్టర్ బెర్సీ యను ఇంజనీరు విద్యుత్తుతో నడచు అద్దెబండ్లను త్రిప్పెను. అదే కాలమున న్యూయార్కులో అట్టి బండ్లు తమ శాలకు పోయి, ఖాళీయైన బ్యాటరీని దింపి, నిండుదానిని ఎక్కించుకొని తిరిగి బయలుదేరుచుండెడివి. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున విద్యుత్ కంపెనీయే పెక్కేండ్లపాటు బ్యాటరీలను అద్దెకిచ్చినది. లారీ యజమాని వాహనమును మాత్రము కొని, నడచిన మైళ్లను బట్టి విద్యుత్తునకు సొమ్ము చెల్లించెడివాడు. పిమ్మట పెట్రోలు చౌకయైనది. చేతితో త్రిప్పకయే ఇంజను కదలు సాధనము వచ్చినది. విద్యుద్వాహనము మూలబడినది. ఈ పాత కథలో మాకు ముఖ్యముగా తోచునది యొకటి కలదు. ఆనాడును బండి చేయుట కంటె, బండికి దారిలో తిండి పెట్టుట కష్టమైనది.

ఇక ఫాస్టు ఛార్జింగు అనగా నేమో రెండు మాటలలో చెప్పుకొందము. మన యిండ్లకు వచ్చునది ఏసీ విద్యుత్తు. బ్యాటరీ స్వీకరించునది డీసీ విద్యుత్తు. ఇంటి గోడకు కారును తగిలించినప్పుడు, ఈ మార్పిడి కారులోనే యుండు చిన్న యంత్రము చేయును. అది చిన్నది గనుక నిదానముగా చేయును. పదిహేను ఆంపియర్ల సాకెట్టు నుండి గంటకు సుమారు మూడు యూనిట్లు మాత్రమే ఎక్కును. ముప్పది యూనిట్ల బ్యాటరీ గల కారునకు రాత్రి యంతయు పట్టును. ఫాస్టు ఛార్జరులో ఈ మార్పిడి యంత్రము కారు వెలుపల, దారి ప్రక్కన బీరువావలె నిలిచియుండును. అది పెద్దది గనుక 50, 60 కిలోవాట్లు, అంతకు మించియు డీసీ విద్యుత్తును నేరుగా బ్యాటరీలోనికి పంపగలదు. అప్పుడు పని గంటలోపున ముగియును. బ్యాటరీ నూటికి ఎనుబది పాళ్లు నిండిన తరువాత మాత్రము, అది వేడెక్కి చెడకుండుటకై వేగము తగ్గింపబడును. కనుక తెలిసినవారు ఎనుబదికే తీగ తీసి దారి పట్టుదురు. అయితే 60 కిలోవాట్ల ఛార్జరొక్కటి, రెండేసి కిలోవాట్లు వాడుకొను ముప్పది యిండ్ల పెట్టు. తార్నాక సందులోని ట్రాన్స్‌ఫార్మరుపై అకస్మాత్తుగా ముప్పది యిండ్లు వచ్చి వ్రాలినట్లు! అందుచేత ఛార్జరు వెల యొక యెత్తు, దానికొరకు వేయు కేబులు, ట్రాన్స్‌ఫార్మరు, మీటరు పెట్టె మరియొక యెత్తు. ప్రభుత్వ ధనమను మాట ముఖ్యముగా ఇచ్చటనే వచ్చుచున్నది.

మన దేశమున మొదటి అడ్డంకి ధనము గాదు, చట్టము. 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము విద్యుత్తును అమ్మువానికి లైసెన్సు కావలెను. ఛార్జింగు కేంద్రము పెట్టినవాడు విద్యుత్తును అమ్మినట్లా, సేవ చేసినట్లా? 2018 ఏప్రిల్ 13వ తేదీన కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ అది సేవయే యని, లైసెన్సు అక్కరలేదని స్పష్టము చేసినది. ఆ యేడే తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ధరల ఉత్తర్వులో ఛార్జింగు కేంద్రములకు ప్రత్యేక తరగతి నేర్పరచి యూనిట్టు 6 రూపాయలుగా నిర్ణయించెను. డిసెంబరు 14వ తేదీన కేంద్రమువారు మార్గదర్శకములు వెలువరించిరి. నగరములలో మూడు కిలోమీటర్లు పొడవు, మూడు కిలోమీటర్లు వెడల్పు గల ప్రతి గడిలోను కనీస మొక కేంద్రము, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఇరుప్రక్కల నొక్కొక్కటి యుండవలెనని అందలి నియమము.

కాగితముపై గడులు గీయుట సులభము. తార్నాక కూడలి, హబ్సిగూడ, లాలాగూడ, ఆర్ట్సు కళాశాల, జామియా ఉస్మానియా రైల్వేస్టేషను ఇవన్నియు ఇంచుమించుగా ఒకే గడిలో ఇముడును. జనసమ్మర్దమైన ఈ గడికిని, నగరపు అంచున రాళ్లగుట్టలు నిండిన గడికిని నియమ మొక్కటియే.

ధనము సంగతికి వత్తము. 'ఫేమ్' అను పేర కేంద్ర ప్రభుత్వపు మొదటి పథకము 2015 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినది. అందు ఛార్జింగునకు దక్కినది స్వల్పము. రెండవ పథకము 2019 ఏప్రిల్ 1వ తేదీన 10,000 కోట్ల రూపాయలతో ఆరంభమైనది. అందు ఛార్జింగు కేంద్రములకని వేయి కోట్లు ప్రత్యేకించిరి. 2020 జనవరిలో 62 నగరములకు 2,636 కేంద్రములు మంజూరైనవి. వానిలో 266 ఆంధ్రప్రదేశమునకు, 138 తెలంగాణమునకు. మొత్తములో 1,633 ఫాస్టు ఛార్జింగువి, తక్కినవి నిదానమువి. ఆ యేడే అక్టోబరు 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము తన విద్యుద్వాహన విధానమును ప్రకటించి, పునరుత్పాదక ఇంధన సంస్థను ఈ పనికి బాధ్యురాలిని చేసినది.

ఇచ్చట ప్లగ్గు కథ కొంచెము తీరికగా చెప్పవలసియున్నది. ఏలయనగా ప్రభుత్వ ధనమునకు ఎట్టి గండములుండునో దానివలన బాగుగా తెలియును. 2017లో ప్రభుత్వరంగ సంస్థయైన ఇ.ఇ.ఎస్.ఎల్. ప్రభుత్వ శాఖల అవసరములకై పదివేల విద్యుత్ కార్లకు టెండరు పిలిచినది. ఆ కాలపు దేశీయ కార్లు చిన్నవి, వాని బ్యాటరీలు తక్కువ వోల్టేజివి. వానికి తగినట్లు 'భారత్ డీసీ-001' అను 15 కిలోవాట్ల ఛార్జరు ప్రమాణముగా నిర్ణయింపబడినది. 2018 డిసెంబరు నియమములలో ప్రతి కేంద్రమునందును అయిదు విధములైన ఛార్జర్లుండవలెననిరి. ఐరోపావారి సీసీఎస్, జపానువారి చాడెమో, టైప్-2, దేశీయమైన డీసీ-001, ఏసీ-001. ఏ అతిథి వచ్చినను లేదనకుండ వడ్డింపవలెనన్న ఉద్దేశము మంచిదే. కాని ఒక్క పూటకూళ్ల యింట అయిదు దేశముల వంటలు వండించిన ఖర్చెంత? 2019 అక్టోబరు 1వ తేదీన ఆ నిర్బంధమును సడలించి, ఏ ఛార్జరు పెట్టవలెనో పెట్టువారి యిష్టమునకు విడిచిరి. 2020 జనవరిలో అంగటికి వచ్చిన టాటా నెక్సాన్ కారు సీసీఎస్ ప్లగ్గుతో వచ్చినది. దాని వెనుక వచ్చిన కార్లలో పెక్కును ఆ దారినే పట్టినవి. పాత ప్రమాణముతో నాటిన ఛార్జర్లు, కొత్త కార్లు ప్రక్కనుండి పోవుచుండగా, చూచుచు నిలిచిపోయినవి.

మన నగరమునకు ఇట్టి అనుభవము కొత్తది కాదు. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు వచ్చిన రైలుమార్గము బ్రాడుగేజి. పిమ్మట గోదావరి లోయ మీదుగా మన్మాడునకు వేసినది మీటరుగేజి. ఒక పట్టాపై వచ్చిన మూట మరియొక పట్టాపైకి కూలివాని నెత్తిమీదుగానే పోవలసివచ్చెను. ఆ రెండును ఏకమగుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. ప్లగ్గుల విషయమున మూడు నాలుగేండ్లలోనే తేలినది గనుక, పోలికలో మనము అదృష్టవంతులమే.

2023 మార్చిలో కేంద్రమువారు మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు, తమ పెట్రోలు బంకులలో 7,432 ఫాస్టు ఛార్జింగు కేంద్రములు పెట్టుటకై 800 కోట్లు మంజూరు చేసిరి. సగటున కేంద్రమునకు 10 లక్షల 76 వేల రూపాయలు. అందు 560 కోట్లు మొదటి విడతగా ముందే విడుదలైనవి. బంకునకు స్థలము కలదు, దారి కలదు, రాత్రి దీపము కలదు, మనిషి కలడు. కనుక ఆలోచన తప్పు కాదు. తన పొయ్యి ప్రక్కనే మరియొకరి పొయ్యి వెలిగించుట బంకువానికి ఎంత ఉత్సాహకరమో అది వేరు మాట. 2024 ఫిబ్రవరి నాటికి దేశమున 12,146 ప్రజా ఛార్జింగు కేంద్రములు లెక్కకు వచ్చినవి, తెలంగాణమున 481. అదే సంవత్సరము డిసెంబరు నాటికి దేశపు లెక్క 25,202కు చేరినది. ఇవి నాటిన లెక్కలు.

ఒక అనుభవము చెప్పెదము. ధ్వనిముద్రణ నిమిత్తము మేము విశ్వవిద్యాలయమునకు ఒక అద్దె విద్యుత్ కారులో పోయితిమి. తిరుగుప్రయాణమున బ్యాటరీలో పాలు పదిహేనునకు దిగినది. సెల్‌ఫోనులో చూడగా దగ్గరలో నొక ఛార్జరు ఆకుపచ్చగా, సిద్ధముగా నున్నట్లు కనిపించినది. పోయి చూడగా దాని తెరపై ధూళి పేరుకొని యున్నది. తీగ చక్కగా చుట్టబడి యున్నది. అచ్చటి కుఱ్ఱవాడు, 'ఇది పెట్టినప్పుడు ఫోటో తీసుకొన్నారు సార్, తర్వాత ఎవరూ రాలేదు' అనెను. డ్రైవరు చల్లదనపు యంత్రము నాపి, నెమ్మదిగా నడపి మమ్ము చేర్చెను. మాకది ఒక సాయంకాలపు చెమట మాత్రమే. ఆ డ్రైవరునకు అది ఆనాటి మూడు బేరములు.

అది ఎందుకట్లయినదని విచారింపగా, దోషము ఒక్కరిది గాదు. ఉదాహరణకు 60 కిలోవాట్ల ఛార్జరునకు దినమునకు రెండు గంటల పని దొరికినదనుకొందము. 120 యూనిట్లు అమ్ముడగును. యూనిట్టుపై ఎనిమిది రూపాయలు మిగిలినను, దినమునకు 960 రూపాయలు. అందులోనే స్థలపు అద్దె, మరమ్మతు, పెట్టుబడిపై వడ్డీ. బేరము ఆ రెండు గంటలకును రానిచో, యంత్రము చెడినప్పుడు బాగుచేయించుట కంటె చెడియుండనిచ్చుటయే లాభము. ప్రభుత్వపు సొమ్ము నాటునప్పుడే చాలవరకు చేతికి వచ్చినది. నడచిన గంటలకు వచ్చునది లేదు. మొక్క నాటినవానికి కూలి యిచ్చి, నీరు పోయువానికి ఇయ్యకపోయిన తోట ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

బస్సుల సంగతి ఇందుకు భిన్నము. 2019 మార్చిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఫేమ్ మొదటి పథకపు సహాయముతో 40 విద్యుత్ బస్సులను విమానాశ్రయ మార్గములలో ప్రవేశపెట్టినది. బస్సు కంపెనీవారిది, సంస్థ కిలోమీటరునకింత యని చెల్లించును. బస్సు నడువకున్న సొమ్ము రాదు గనుక, డిపోలోని ఛార్జరు చెడిన రాత్రియే దానిని బాగుచేయు మనిషి వచ్చును. హార్ట్‌ఫర్డు కంపెనీ మైళ్ల లెక్క ఇదియే. అదే ప్రభుత్వ ధనము, సొమ్ము ముట్టు తీరు మాత్రము వేరు. దారి ప్రక్క ఛార్జరునకు ఈ సూత్రము వర్తింపజేయరాదా యని మాకు తోచును; పనిచేసిన దినములకు ఇంత, చెడియున్న దినములకు కోత. మీటరు ఎటులును లెక్క వ్రాయుచునే యున్నది గదా.

నడుమ నొక మాట. 2023 ఫిబ్రవరి 11వ తేదీన, ఒకనాడు బొగ్గు విద్యుత్కేంద్రమున్న ఆ హుసేన్‌సాగరు చెంతనే విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందెము జరిగినది. మరుసటి యేటి పందెము ఆగిపోయినది. దానికి చెల్లించిన ప్రజాధనముపై వివాదము న్యాయస్థానముల కెక్కినది. అందలి న్యాయాన్యాయములు న్యాయమూర్తులు తేల్తురు. ఆ కార్లు పోయిన వేగమున ఒక్క ఛార్జరును మరమ్మతునకు నోచుకొనలేదని మాత్రము మా మిత్రు డొకడు అనుచుండును.

ఇప్పుడు విశ్వవిద్యాలయపు ద్వారము వద్దకు వత్తము. 2024 అక్టోబరు 1వ తేదీన ఆరంభమైన 'పీఎం ఇ-డ్రైవ్' పథకమున 10,900 కోట్లలో 2,000 కోట్లు ఛార్జింగునకు కేటాయించిరి. సుమారు 72,300 ఛార్జర్లు లక్ష్యము. వానిలో 22,100 కార్లకు, 1,800 బస్సులకు, 48,400 రెండు, మూడు చక్రముల బండ్లకు. ఈ చివరి అంకెను చూచి మేము సంతోషించితిమి. తార్నాక సందులలోని తీగలు ఏ వాహనమునకు దిగుచున్నవో దానికే పెద్ద పాలు దక్కినది. స్కూటరు బ్యాటరీ మూడు యూనిట్లది. దానికి ముప్పది యిండ్ల పెట్టు విద్యుత్తు నిచ్చు బీరువా అక్కరలేదు. చిన్న పెట్టె, నమ్మకమైన సాకెట్టు, వానకు తడువని పైకప్పు చాలును.

2025 సెప్టెంబరులో వెలువడిన ఈ పథకపు నియమములలో, ప్రభుత్వ కార్యాలయములు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణలలో పెట్టు కేంద్రములకు ట్రాన్స్‌ఫార్మరు, కేబులు మొదలుకొని ఛార్జరు వరకు నూటికి నూరు పాళ్లు ప్రభుత్వమే భరించునని యున్నది. షరతు ఒకటి. ప్రజలెల్లరును అడ్డులేక అచ్చటికి రాగలుగవలెను. మెట్రో స్టేషన్లు, బస్సు స్టేషన్లు, రైల్వేస్టేషన్లు రెండవ తరగతి. వానికి విద్యుత్తును తెచ్చు ఏర్పాటులో నూటికి 80, ఛార్జరు వెలలో 70 పాళ్లు లభించును. సొమ్ము రెండు విడతలు. రెండవ విడత, కేంద్రము పనిచేయనారంభించి, దేశమంతటికి ఒకటిగా నేర్పరచు సమాచార వ్యవస్థలో చేరిన పిమ్మటనే. పని ఆరంభమగువరకైనను కొంత సొమ్ము నిలిపియుంచుట నేర్చుకొనిరన్నమాట. ఆరంభమైన తరువాతి ఏండ్ల సంగతి ఇంకను మిగిలియే యున్నది.

ఈ నియమములు తార్నాకకు చక్కగా సరిపోవును. 2017 నవంబరులో తెరచిన మెట్రో స్టేషను కూడలిలోనే యున్నది. దానికి కూతవేటు దూరమున విశాలమైన విద్యా ఆవరణ కలదు; అందు ఇంజనీరింగు కళాశాల 1929 నుండి నడచుచున్నది. ఛార్జరును బాగుచేయుట నేర్వవలసిన విద్యార్థులు అచ్చటనే కలరు. చిక్కు షరతులోనే యున్నది. విశ్వవిద్యాలయపు రోడ్లు తార్నాకకును విద్యానగరునకును అడ్డదారి. పగలెల్ల ఊరి వాహనములు అందుండి పోవుచునే యుండును. అంతమాత్రమున వెలుపలివారు రాత్రి పదకొండు గంటలకు వచ్చి, వసతిగృహముల నడుమ గంటసేపు బండి నిలిపి కూర్చుండుటకు పాలకులు ఒప్పుకొందురా? ఉద్యమముల చరిత్ర గల ఆవరణలో ద్వారము తెరచుట, మూయుట ఎన్నడును కేవలము రాకపోకల సంగతి కాలేదు. ద్వారము రాత్రి మూసినచో నూరు పాళ్ల సహాయమునకు అర్హత పోవును. తెరచినచో కావలి ఖర్చు విశ్వవిద్యాలయము తలపై పడును, దానికి పథకమున పద్దు లేదు.

మాకు తోచినంతవరకు కారుల ఫాస్టు ఛార్జర్లు ఆవరణ అంచున, తార్నాక రోడ్డు వైపు గోడకు ఆనుకొని, లోపలి ద్వారముతో నిమిత్తము లేకుండ ఉండవలెను; స్కూటర్ల సాకెట్లు వసతిగృహముల చెంతను, మెట్రో స్తంభముల నీడను ఉండవలెను. పథకము గడువు 2028 మార్చి 31వ తేదీ. ఏ సంస్థ స్థలమిచ్చునో, మీటరు ఎవరి పేర నుండునో, చెడినప్పుడు ఎవరి సెల్‌ఫోను మ్రోగునో వ్రాసిన కాగితము అంతకు ముందే సిద్ధము కావలెను. అంతవరకు తార్నాకలోని ఆ విద్యార్థి తన పై అంతస్తు కిటికీ నుండి తీగను దించుచునే యుండును. వాన చినుకు పడినప్పుడు పరుగున దిగివచ్చి దానిని ఊడదీయుచునే యుండును.